ఆ రాతిస్తంభానికి రంగు వద్దండి

గుడి కమిటీ ప్రెసిడెంటు గోపాలకృష్ణంరాజు గారికి, పావని తల్లి నమస్కరించి రాసుకునేది.

శివరాత్రికి గుడి స్తంభాలన్నిటికీ ఎనామిల్ రంగు వేయిస్తున్నారని తెలిసింది. మండపంలో ఉత్తరం వైపు స్తంభాన్ని మాత్రం వదిలేయండి రాజుగారూ.

ఇరవయ్యేళ్లు దానికి ఏటా సున్నం వేసింది నేనే. ఆ సున్నం కింద అక్షరాలున్నాయని నాకేం తెలుసు? కాలేజీలో చదువుకున్న నా కూతురు కనిపెట్టింది. “ఏంటమ్మా, ఇంత భక్తిగా శాసనాన్ని పూడ్చేశావు!” అని పగలబడి నవ్వింది. రెండు వేసవులు కూర్చుని వెదురుపుల్లతో ఆ సున్నమంతా గీకింది. రాజమండ్రి నుంచి మేష్టార్లు వచ్చి చదివారు. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక తల్లి, చనిపోయిన కొడుకు పుణ్యం కోసం ఇక్కడ అఖండదీపం పెట్టించి, వాడి పేరు చెక్కించిందట.

మొన్న కార్తీకంలో జ్వరమొచ్చి నా పిల్ల పోయింది. ఏడవద్దంటారు అందరూ. ఏడుపు ఒక్కటే కాదండి, గర్వంగా కూడా ఉంది. ఎవరికీ తెలియకుండా పోయిన ఆ తల్లి మాటని నా కూతురే బయటికి తెచ్చింది.

సోమవారం రంగులవాళ్లకంటే ముందే వచ్చి ఆ స్తంభం దగ్గర కూర్చుంటాను. తప్పయితే మన్నించండి. మీరూ ఒకసారి రండి. ఆ కొడుకు పేరు ఏ వరసలో ఉందో నా పిల్ల నాకు నేర్పింది. మీకు నేను చూపిస్తాను.