పచ్చి గింజల పొడి

తాండూరు,
ఆదివారం, మధ్యాహ్నం జోహర్ నమాజు అయ్యాక.

అమ్మీకి హారిస్ సలాములు. ఇక్కడ అబ్బా, నేను, మేడ మీది నీ పుదీనా, ముగ్గురం క్షేమం. గుల్బర్గాలో నువ్వు, ఇక్రా ఆపా, కొత్తగా విచ్చేసిన ఇరమ్ బేగం గారు కూడా క్షేమమేనని నమ్ముతూ రాస్తున్నాను.

ఫోన్లున్న కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. కాశిఫ్ బండల లారీ రేపు అటు వస్తోంది, పోయినసారి నీ ఉత్తరం తెచ్చిన చేతులతోనే ఇదీ చేరుతుంది. ఉర్దూలో రాయమన్నావు. తెలుగు మీడియంలో చదివిన నీకు, తెలుగు మీడియంలోనే చదివిన నేను ఉర్దూలో రాస్తే, చదివి చెప్పడానికి మధ్యలో మౌల్వీ సాబ్‌ను పెట్టుకోవాల్సి వస్తుంది. అందుకని ఈ తెలుగు.

నీ మనవరాలు ఇరమ్ ఫోటో చూశాం. ముక్కు అచ్చం అబ్బాదే, పాపం ఆడపిల్ల. అబ్బా ఫోన్‌ను దగ్గరికి పెట్టి, దూరం పెట్టి, వెలుతురులోకి తిప్పి చూసి, "పాలిష్ మంచిగ అయ్యింది," అని తీర్పు చెప్పాడు. నాపరాళ్ల యూనిట్‌లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి నుంచి ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఎవరికీ రాలేదు. నాకైతే అసలే రాలేదు.

నేను సరిగ్గా తింటున్నానా అని అడిగావు. తెల్లవారుజామున సహరీకి వంట నాదే. నా ఖిచిడీ తిన్న రోజున రోజా ఉండడం చాలా సులువు. సాయంత్రం దాకా తిండి మీద ఆశే పుట్టదు.

ఇక నువ్వడిగిన అసలు ప్రశ్న. ద్రాక్షలో పచ్చికాయ గింజ మంచిదా, పండు గింజ మంచిదా? ఇదే ప్రశ్న మా మేడమ్ అడిగితే దాన్ని ఎమ్మెస్సీ ప్రాజెక్టు అన్నారు, నువ్వు అడిగితే చాదస్తమన్నారు. నా లెక్కలు వచ్చాయి కాబట్టి సవినయంగా మనవి చేస్తున్నాను.

మర్పల్లి హన్మయ్య తోటలో నల్ల ద్రాక్షను మూడు విడతలుగా తెచ్చాను. కాయ బఠాణీ గింజంత పచ్చిగా ఉన్నప్పుడు ఒకసారి, రంగు తిరిగేటప్పుడు ఒకసారి, పండాక పోయిన వారం ఇంకోసారి. గింజలు తీసి, ఆరబెట్టి, నూరి, సారం తీసి, ల్యాబ్‌లో ఊదా రంగు మందునీళ్లలో చుక్క వేయాలి. గింజలో వగరు ఎంత ఉంటే ఊదా అంత విరిగి పసుపుకు తిరుగుతుంది. పచ్చి గింజ చుక్క పడగానే ఊదా మాయమైంది. రంగు తిరిగే కాయ గింజ కూడా దాదాపు అంత పనీ చేసింది. పండు గింజ మాత్రం ఆదివారం నాడు నేను లేచినట్టు బద్ధకంగా పనిచేసింది. కాయలోకి తీపి ఎక్కేకొద్దీ గింజ గోధుమ రంగుకు వచ్చి గట్టిపడుతుంది, వగరు చాలావరకు పోతుంది. కాబట్టి గుత్తులు పలుచన చేసేటప్పుడు హన్మయ్య పారేసిన పచ్చికాయల గింజలతో నువ్వు పొడి కొట్టావు చూడు, ఆ ఎంపిక నా లెక్కల ప్రకారం సరైనదే. ఈ సంగతి మేడమ్‌కు చెప్పలేదు. నా సీటు నీకిచ్చేస్తుందని భయం.

అబ్బా దగ్గుకు ఆ పొడి వేసుకుంటున్నాడా అని అడిగావు. రోజూ సహరీ వేళకు, తేనెతో, నువ్వు పెట్టిపోయిన చెంచాతోనే. మింగాక ఆయన పెట్టే ముఖం నువ్వు చూస్తే జాలిపడవు, ఇంకో చెంచా పెడతావు.

గింజలు తీసే పనిలో ఆయనే నా అసిస్టెంటు. రంగు తిరిగే కాయల కోసం పోయినప్పుడు తానూ వస్తానని బండెక్కాడు. రోడ్డు నుంచి తోటలోకి కొంత దూరం నడవాలి. అక్కడ ద్రాక్ష పందిళ్లకు నిలబెట్టినవన్నీ మన వైపు రాతి కడీలే. అబ్బా ప్రతి కడీ దగ్గరా ఆగాడు. అరచేత్తో నిమిరి, ఇది కరణ్‌కోట దిక్కు రాయి అని ఒకచోట, దీనికి సొట్ట ఉంది, కొన్నవాడు మోసపోయాడని ఇంకోచోట తీర్పులిచ్చాడు. వెంట నడుస్తున్న హన్మయ్యకు ఓపిక అయిపోయింది.

"మజహర్ భాయ్, ద్రాక్ష చూడనీకి వచ్చినవా, నా కడీలు కొననీకి వచ్చినవా?"

అబ్బా నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇంతవరకు రాసింది అబ్బాకు చదివి వినిపించాను. బాగుంది, ఇక్కడితో ఆపి సంతకం పెట్టమన్నాడు. సరే అన్నాను.

అమ్మీ, ఇది రెండో కాగితం. దీన్ని అబ్బా వినలేదు. వీపు వెనక దిండ్లు పెట్టుకుని, కూర్చునే నిద్రపోతున్నాడు. పడుకుంటే ఊపిరి అందదు.

మొదటి కాగితంలో ముగ్గురం క్షేమమని రాశాను. నేనూ పుదీనా బాగానే ఉన్నాం.

తోటలో అబ్బా రాళ్లు చూడలేదు. మూడో కడీ దగ్గర నాకు తెలిసింది. చెయ్యి రాతి మీద ఉంది, కళ్లు మూసుకుని ఉన్నాయి, భుజాలు ఎగిసిపడుతున్నాయి. మాట్లాడేంత గాలి దొరికాకే రాయి గురించి ఏదో ఒకటి అనేవాడు. అప్పుడు మన మెట్లు గుర్తొచ్చాయి. మేడ ఎక్కుతూ సగంలో ఆగి గోడ బండలు నిమిరేవాడు కదా. యూనిట్‌లో రుద్దింది చాలలేదా, ఇంట్లో కూడా అదే పనా అని నువ్వు కసిరేదానివి. ఆయన నవ్వేసేవాడు. నవ్వితే జవాబు చెప్పే పని తప్పుతుంది.

వికారాబాద్ తీసుకుపోయి చూపించాను. డాక్టర్ ఎక్స్‌రేను వెలుగుకు పెట్టాడు. ఇన్నేళ్ల రాతిదుమ్ము లోపల చేరి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయట. మందులతో కాస్త తేలిక చేయొచ్చు గానీ, పోయింది తిరిగి రాదన్నాడు. ఎన్నేళ్లు అని అడిగాను. ఆయన ఇంట్లో పెట్టుకోవడానికి ఆక్సిజన్ మిషన్ రాసిచ్చాడు.

నువ్వు రాసిన ఆఖరి ప్రశ్నను మొదటి కాగితంలో ఎగ్గొట్టాను. అబ్బా నీతో రెండు మాటలు మాట్లాడి ఫోన్ నా చేతికి ఇచ్చేస్తున్నాడు, నీ మీద కోపమా అని అడిగావు. కోపం కాదు అమ్మీ. నీ కుట్టుమిషన్ పక్కన ఇప్పుడు ఆక్సిజన్ మిషన్ ఉంది. రోజంతా మోగుతూనే ఉంటుంది. నీ ఫోన్ వస్తే దాన్ని ఆపించి, ముక్కుకున్న పైపు తీసేసి మాట్లాడతాడు. పైపు లేకుండా ఆయనకు వచ్చేవి ఆ రెండు మాటలే. నాతో అయితే చాలావరకు సైగలే.

ఈ రంజాన్‌కు ఆయనకు రోజాలు కూడా లేవు. అయినా సహరీకి లేచి నా పక్కన కూర్చుంటాడు. పగలు మందు గోళీలు మింగేటప్పుడు మాత్రం గోడ వైపు తిరుగుతాడు.

ఇక పొడి సంగతి. కడుపుతో ఉన్న ఆపాను మంచం దిగొద్దని డాక్టర్ చెప్పిన రోజుల్లో, ఈ దగ్గు మనిషిని వదిలి గుల్బర్గా పోనని నువ్వు మొండికేశావు. అప్పుడు అబ్బా నన్ను వాకిట్లోకి పిలిచి అడిగాడు.

"నీ ఊదా నీళ్లు పసుపు అయితయి గదా. మనిషి లోపల గూడ గట్లనే అయితదా?"

నేను నిజమే చెప్పాను. అది గాజు గొట్టం అబ్బా, మనిషి కాదు, నీ దగ్గుకు అది మందని ఎవరూ తేల్చలేదు అన్నాను.

"అయితే మీ అమ్మీకి గాజు గొట్టం ముచ్చట చెప్పకు. గుల్బర్గల పిల్ల ఒక్కతే ఉన్నది."

మర్నాటి నుంచి నీ ముందు దగ్గు ఆపుకున్నాడు. నీ పొడి పనిచేస్తోందని నీతోనే అన్నాడు. నువ్వు సంబరపడి సీసా నిండా పొడి కొట్టి పెట్టి, నిశ్చింతగా రైలెక్కావు. నీ సంచి మోసింది నేనే. నోరు మూసుకొమ్మని చిన్నప్పటి నుంచి నువ్వు మొత్తుకుంటే విననివాడిని, ఆ రోజు స్టేషన్‌లో మూసుకున్నాను.

వచ్చేయ్ అమ్మీ. ఇప్పుడు ఆపా అత్తగారు వచ్చి ఉన్నారు, పాపకు నూనె రాసి స్నానం చేయించడం ఆవిడకూ వచ్చు. నేను ఫోన్‌లో చెప్పి ఉంటే నువ్వు బాలింత ముందే ఏడ్చేదానివి. అందుకే కాగితం మీద పెట్టాను. లారీ దగ్గర నిలబడే చదువుకో, ముఖం కడుక్కుని లోపలికి పో. కాశిఫ్‌కు అంతా తెలుసు, నువ్వు చదివేదాకా ఆగుతాడు, తిరుగు ప్రయాణంలో నిన్ను ఎక్కించుకుంటాడు. ఆపాకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. అబద్ధం మాత్రం నన్ను అడగకు, నా దగ్గరున్నవి అయిపోయాయి.

ఇక్కడ ఆపి మడుస్తుంటే అబ్బా లేచాడు. నా చేతిలో రెండు కాగితాలు చూశాడు. పైపు సర్దుకుని, ఊపిరి కూడగట్టుకునేదాకా మంచం పక్క గోడ మీద చెయ్యి పెట్టి ఉంచాడు.

"పొడి అయిపోయిందని రాయి," అన్నాడు. "మీ అమ్మీ వచ్చి కొట్టాలె."

సీసా అలమరాలో ఎదురుగా కనిపిస్తూనే ఉంది. సగానికి పైనే ఉంది. ఆ మాటే అన్నాను.

"అయిపోయిందని రాయిరా."

రాస్తున్నాను. అమ్మీ, పొడి అయిపోయింది.

ఇట్లు,
నీ నాలాయక్ కొడుకు
హారిస్