బలం మాత్రలు

ఏప్రిల్ 2, 2020

లాక్‌డౌన్. రెండు కిలోమీటర్లు దాటి వెళ్ళొద్దన్నారు. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా ఇంటి నుంచి రెండు కిలోమీటర్లంటే ఒక పార్కు, మూసిన స్కూలు, షాపింగ్ సెంటర్ ముందు క్యూ. యూనివర్సిటీ లైబ్రరీకి తాళం. నలభై దాటాక మొదలుపెట్టిన నా పీహెచ్‌డీ ఇప్పుడు డైనింగ్ టేబుల్ మీద, పప్పు గిన్నె పక్కన.

స్కాన్ చేసిన పాత అమెరికన్ పత్రికలు చదువుతున్నాను. పంతొమ్మిదో శతాబ్దం. ఒక పేజీలో కథ: బిడ్డ పోయాక మాట మానేసిన ఇల్లాలు, చుట్టూ గుసగుసలాడే బంధువులు. ఎదురు పేజీలో నెర్వ్ టానిక్ ప్రకటన, కింద అది వాడిన ఆడవాళ్ళ ఉత్తరాలు. మంచం దిగలేకపోయేదాన్ని, మూడు సీసాలయ్యాక చర్చికి నడిచి వెళ్ళాను అని ఒకావిడ. సీసాలో ఏముందో ఎక్కడా ఉండదు. చాలావాటిలో సారా. కొన్నిటిలో నల్లమందు.

ఏలూరు గుర్తొచ్చింది. నాన్న పెద్దాసుపత్రిలో కాంపౌండరు. ఎర్రమందు సీసాకి కాగితం మెట్లు మెట్లుగా కత్తిరించి అంటించేవాడు. ఒక మెట్టు ఒక డోసు. తియ్యగా, కాస్త ఘాటుగా ఉండేది. జ్వరం లేకపోయినా ఉందని చెప్పి తాగేదాన్ని. ఏముంది ఇందులో అని ఒక్కసారీ అడగలేదు. నాన్న ఇచ్చాడు, అంతే.

ఏప్రిల్ 9

అత్తయ్య జనవరిలో మమ్మల్ని చూసి పోదామని వచ్చి ఇక్కడే చిక్కుకుంది. ఇండియాకి విమానాల్లేవు. పొద్దున్నే కాఫీ, తర్వాత విటమిన్ డబ్బాలోంచి ఒక చిన్న పసుపు మాత్ర. మామయ్యగారు ఉన్నన్నాళ్ళూ స్వయంగా చేతిలో పెట్టేవారట. కిందటేడు ఆయన పోయాక ఆ డబ్బా చూసుకునే పని మా ఆయన దినేశ్‌ది.

బలం మాత్రల కథ ఇవాళ మళ్ళీ చెప్పింది. దినేశ్ పుట్టాక ఆర్నెల్లు మంచం దిగలేదట, వాణ్ణి ఎత్తుకోబుద్ధి కూడా కాలేదట. ఇవి పడ్డాకే మనిషినయ్యానే కిరణ్మయీ, అంది. ఆ అమెరికా ఉత్తరాల్లో దీన్ని కలిపేస్తే ఎవరూ పట్టుకోలేరు అనుకుని నవ్వుకున్నాను.

ఏప్రిల్ 17

నవ్వుకున్నందుకు తగిన శాస్తి జరిగింది.

దినేశ్ కిచెన్ తలుపు వేసి, అల్మారాలోంచి ఆ డబ్బా తీసి చూపించాడు. అడుగున పాతిక మాత్రలున్నాయి. విటమిన్లు కావట. డిప్రెషన్ మందు, అమిట్రిప్టిలిన్. మామయ్యగారు అట్టలోంచి ఒలిచి విటమిన్ డబ్బాలో పోసేవారు. ఇప్పుడు కొడుకూ అదే చేస్తున్నాడు. తెచ్చినవి లెక్కకంటే ముందే అయిపోతున్నాయి, ఎందుకో తెలీదన్నాడు. ఇండియా నుంచి కొరియర్లు రావడం లేదు. ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, జీపీకి ఫోన్ చేస్తే, పేషెంటుతో మాట్లాడకుండా మందు రాయనందట.

అమ్మకి చెప్పావంటే కూలిపోతుంది, నన్ను పిచ్చిదాని కింద జమకట్టారా అంటుంది, నువ్వు మాత్రం నోరు విప్పకు, అన్నాడు.

విప్పలేదు. ఇది గౌరవమో పిరికితనమో తేల్చుకోలేకపోతున్నాను.

ఏప్రిల్ 18

నల్లమందు సీసాల చాప్టరులో ఒక్క వాక్యం నడవలేదు.

ఏప్రిల్ 27

మా అమ్మాయి ఉజ్వల మధ్యాహ్నం దాకా నిద్ర లేవడం లేదు. లేచినా తూగుతుంది. నోరెండిపోతోందని నీళ్ళు తాగుతూనే ఉంటుంది. లీవింగ్ సర్ట్, అంటే స్కూలు ఆఖరి పరీక్షలు వాయిదా వేసినప్పట్నుంచీ ఇంతే. అడిగితే నాకేం కాలేదు, ఐయామ్ గ్రాండ్, స్టాప్ ఫస్సింగ్, అంటుంది. జ్వరం లేదు.

అత్తయ్యకేమో నిద్రే లేదు. తల దువ్వుకోదు. కాఫీ చల్లారిపోయేదాకా కిటికీలోంచి ఖాళీ రోడ్డు చూస్తూ కూర్చుంటుంది. రోజుకో మాత్ర వేసుకుంటూనే ఉందిగా అంటాడు దినేశ్. మరి ఎందుకిలా?

మే 6, ఉదయం

మెట్లు దిగుతూ చూశాను. అత్తయ్య ఉజ్వల అరచేతిలో పసుపు మాత్ర పెట్టి పాల గ్లాసు అందిస్తోంది.

పిల్లకి పరీక్షల బెంగ, పాలిపోయింది చూడు, అంది. డబ్బా అడుగంటుతోంది కదా, ఈ వయసులో నాకెందుకే బలం, నా వంతు కూడా దానికే ఇస్తున్నా. మొదట్లో చెరొకటి వేసుకున్నాం, ఇప్పుడు దానికే. దిష్టి తగులుతుందని నేనే ఎవరికీ చెప్పొద్దన్నా, దాన్ని తిట్టకు. ఉజ్వలేమో, ఇట్స్ ఓన్లీ విటమిన్స్ మామ్, నానమ్మని హ్యాపీగా ఉంచుదామనీ, అంటోంది.

డబ్బా లాక్కుని జీపీకి ఫోన్ చేశాను.

అదే రోజు, సాయంత్రం

జీపీ ఉజ్వలని వెంటనే తీసుకురమ్మంది. గుండె పరీక్ష చేసింది. భయం లేదు, ఆ మాత్రలు ఆపెయ్యండి, కొద్ది రోజుల్లో మత్తు పోతుందంది. ఇంటికొచ్చాక తనే ఫోన్ చేసి, నానమ్మగారితో మాట్లాడొచ్చా అంది. దినేశ్ పైన మీటింగులో ఉన్నాడు. పిలవలేదు. స్పీకర్ పెట్టి నేనే అటు మాట ఇటు, ఇటు మాట అటు తర్జుమా చేసి చెప్పాను.

ఈ మందు దేనికో ఆవిడకి తెలుసా, అని అడిగింది డాక్టరు. ఆ ప్రశ్నని తెలుగులో అడగకుండా జవాబే చెప్పేశాను. బలానికి కాదు అత్తయ్యా, మనసు కుంగిపోకుండా ఉండటానికి.

అత్తయ్య కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆవిడకి థాంక్యూ చెప్పు, అంది.

మే 7

డాక్టరు రాసిన కొత్త మాత్రలు అట్టతో సహా టేబుల్ మీద ఉన్నాయి. ముట్టలేదు. దినేశ్ నాతో మాట్లాడటం లేదు. అత్తయ్య ఎవరితోనూ మాట్లాడటం లేదు.

మే 9

ఇవాళ మాట్లాడింది. ముందు కొడుకుని దులిపేసింది. మీ నాన్నా నువ్వూ కలిసి నన్ను చంటిపిల్లని చేశార్రా, పిచ్చి ఉంటే ఉందనే చెప్పొచ్చుగా, తెలిస్తే నా చేత్తో పసిదానికి పెడుదునా, అని. దినేశ్ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అది కాదమ్మా, నిన్నెవరైనా ఏమైనా అంటారని, అంటాడు. అన్నదెవరు, మీరేగా అనుకున్నది, అంది.

తర్వాత నా వైపు తిరిగి అడిగింది: ఇన్నేళ్ళూ నేను నవ్విన నవ్వులు నావా, మాత్రవా?

థీసిస్ రాసేదాన్ని, నాకేం తెలుసు? గుర్తొచ్చింది మాత్రం విజయవాడ డాబా. పెళ్ళయిన ఏడు, ఎండాకాలం. వడియాలు పెడుతూ అత్తయ్య తన అత్తగారి నడక చేసి చూపించింది. నవ్వలేక పిండి గిన్నె వదిలేసి కూలబడ్డాను. కొత్తకోడలినన్న బెరుకు ఆ డాబా మీదే పోయింది. ఆ మధ్యాహ్నం కోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటోంది.

మీ అత్తగారి నడక మాత్రకేం తెలుసు అత్తయ్యా, అన్నాను.

నవ్వలేదు. మంచినీళ్ళు అడిగింది. అట్ట తనే చింపి మాత్ర వేసుకుంది.

సరైన జవాబే చెప్పానా? ఏమో.

మే 24

అత్తయ్య తల దువ్వుకుంది. విజయవాడలో ఉన్న చెల్లెలు సీతాలక్ష్మి గారితో ఫోన్, స్పీకర్‌లో. ఎండలు, కరోనా, మామిడికాయల సంగతులన్నీ అయ్యాక అడిగింది: అప్పట్లో మీ బావ చెప్తే మీ ఆయన నీకూ రోజుకో బలం మాత్ర మొదలుపెట్టాడుగా, దాని అట్ట ఎప్పుడైనా కళ్ళతో చూశావటే?

అటునుంచి డబ్బాలో మాత్రలు కదిలిన చప్పుడు. అత్తయ్య ఫోన్ పెట్టెయ్యలేదు.