పద్దెనిమిది కండ్ల బర్రె

కొంపల్లి,
జూన్ 8

షామీర్‌పేటలో ఉన్న బాలరాజు మామకు మేనకోడలు నయన నమస్కారాలు.

ఇక్కడ నేను, మా ఆయన అన్వేష్ బాగానే ఉన్నాం. నిన్న నీకు వాట్సాప్‌లో "మామా, యుద్ధ విమానం కాక్‌పిట్ లోపల ఎట్లుంటది?" అని అడిగాను. నువ్వు "ఫోన్ల వద్దు, ఉత్తరం రాయి" అని జవాబిచ్చి ఫోన్ ఆపేశావు. ఏమైందోనని సుక్కమ్మ అత్తకు ఫోన్ చేస్తే, నువ్వు నీ ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించావని చెప్పింది. పదో తరగతి పరీక్షలో సెలవు చీటీ రాశాక నేను ఉత్తరం రాయడం మళ్ళీ ఇదే. తప్పులుంటే సర్దుకో.

నేను బొమ్మ విమానాలు చేస్తానని నీకు తెలుసు కదా. పగలంతా తుర్కపల్లి ల్యాబ్‌లో సీసాలు చూసి చూసి ఇంటికొచ్చాక ప్లాస్టిక్ ముక్కలు అతికించి రంగులేస్తే గాని నాకు మనసు కుదుటపడదు. అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు ఉంటుంది. కాక్‌పిట్ అంటే అగ్గిపెట్టెలో సగం. పోయినేడు పోటీలో నా విమానం బయట నిగనిగలాడింది. జడ్జి టార్చ్ వేసి లోపలికి చూసి, "ఇల్లు ఖాళీగా ఉందే, అద్దెకిస్తారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఈసారి కాక్‌పిట్ అచ్చం ఉన్నట్టు చేయాలి. మన చుట్టాలందరిలో యుద్ధ విమానాల మధ్య ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసినవాడివి నువ్వే. ప్రతి పెళ్ళిలో భోజనాల దగ్గర నువ్వు చెప్పిన కాక్‌పిట్ కథలు వింటూ పెరిగాను. నువ్వు ఉన్నప్పటి ఆ పాత ఒంటి సీటు విమానమే ఇప్పుడు చేస్తున్నాను. లోపల రంగేమిటి? సీటు ఎట్లా ఉంటుంది? ముందు పలక మీద గడియారాల్లాంటివి ఎన్ని? నెట్‌లో బయటి ఫొటోలు బోలెడు. లోపలివి మసకగా ఉన్నాయి.

నీ జవాబు కోసం చూస్తూ,
నయన

తా.క.: మా కంపెనీ క్యాబ్ రోజూ షామీర్‌పేట మీదుగానే పోతుంది. జవాబు డ్రైవర్ వెంకటసాయి చేతికివ్వు. మంచివాడు. ఎవరి ఉత్తరాలూ చదవడు, వాట్సాప్ తప్ప.


షామీర్‌పేట,
జూన్ 10

చిరంజీవి నయనకు మామ దీవెనలు.

ఉత్తరం అందింది. జాగ్రత్త కోసం చదివిన వెంటనే చింపేశాను. అందులో ఏమేం అడిగావో సగం గుర్తు లేదు కాబట్టి మళ్ళీ రాయి.

బిడ్డా, నువ్వు చదువుకున్నదానివి. యుద్ధ విమానం లోపలి సంగతి అట్లా బాహాటంగా అడుగుతారా? ఆ విమానాలు మ్యూజియంలకు పోయాయి కదా అంటావు. విమానం రిటైరైనా రహస్యం రిటైర్ కాదు. నేను పెళ్ళిళ్ళలో చెప్పినవన్నీ పైపై సంగతులు.

అయినా మేనకోడలు అడిగితే లేదనలేను. ఇకనుంచి ఆ పేర్లు రాయొద్దు. విమానాన్ని బర్రె అందాం. షామీర్‌పేటలో బర్రె గురించి రాస్తే ఎవరికీ అనుమానం రాదు. కాక్‌పిట్ అంటే బర్రె తలకాయ. గడియారాలంటే కండ్లు. ఆపద వచ్చినప్పుడు పైలట్‌ను సీటుతో సహా పైకి ఎగరేసే పిడి ఉంటుంది చూడు, అది తోక.

జాగ్రత్తగా ఉండు.
మామ బాలరాజు

తా.క.: ఈ ఉత్తరం కూడా చింపేయి. చింపే ముందు పైవన్నీ వేరే కాగితం మీద రాసి పెట్టుకో.


కొంపల్లి,
జూన్ 15

బర్రెల సంగతి బాగా ఎరిగిన మామకు నయన నమస్కారాలు.

మన బర్రె బాగుంది. తలకాయ విడిగా తీసి టేబుల్ మీద పెట్టుకున్నాను. ఫొటోలన్నీ వెతికితే మొత్తం కండ్లు పద్దెనిమిదని తేలింది. పదకొండు అతికించాను. నిన్న ఒక కన్ను ఫ్యాన్ గాలికి ఎగిరిపోయింది. నేను, అన్వేష్ గంటసేపు నేల మీద పాకి వెతికాం. చివరికి అన్వేష్ చెప్పు కింద దొరికింది. కొంచెం చదునైంది గాని పనికొస్తుంది.

తలకాయలో తోక ఉండటం నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. అయినా నువ్వు చెప్పావని ఊరుకున్నాను. తోకకు పసుపు, నలుపు గీతలు వేశాను. ఇప్పుడు చెప్పు, తోక గుంజితే మనిషి పైకప్పు పగలగొట్టుకుని ఎగురుతాడా, లేక కప్పు ముందే ఊడిపోతుందా? తలకాయ లోపల ఆకుపచ్చ రంగా, బూడిద రంగా? వచ్చే వారం తలకాయను మొండానికి అతికించాలి. ఆలస్యం చేయకు.

నీ మేనకోడలు,
నయన

తా.క.: కండ్లకు మందుబిళ్ళల అట్ట వెనకుండే రేకు వాడాను. చీకట్లో కూడా తళతళమంటున్నాయి.


షామీర్‌పేట,
జూన్ 18

చిరంజీవి నయనకు పరేషాన్‌లో ఉన్న మామ దీవెనలు.

ఉత్తరం వచ్చినప్పుడు నేను పింఛను పని మీద మేడ్చల్ పోయాను. వెంకటసాయి దాన్ని మీ అత్త చేతికిచ్చాడు. ఆమె చదివింది. నేను వచ్చేసరికి గడపలో కూర్చుని ఉంది.

నువ్వు బర్రె తలకాయ కోసి టేబుల్ మీద పెట్టుకున్నావని, దాని కండ్లు పీకి మందులు పెడుతున్నావని, అన్వేష్ ఒక కన్ను తొక్కాడని ఆమె నమ్మింది. "గా మందుల కంపెనీల పొద్దుమాపు పని జేసి పోరి దిమాక్ కరాబైంది. పద్దెనిమిది కండ్లు కనవడ్తున్నయట. జర పట్టించుకోండ్రి" అంటుంది. ఇది బర్రె కాదని చెబితే, మరేంటని అడుగుతుంది. అది చెప్పకూడదు. అందుకని గోడవైపు తిరిగి కూర్చున్నాను.

మా పక్కింటి పర్వతాలుకు పాడి ఉంది. అసలైన పాలిచ్చే బర్రె కళ్ళ ముందు నిలబడితే నీ బుద్ధి దారికొస్తుందని వాళ్ళిద్దరూ కలిసి తీర్మానించారు. ఎప్పుడు వస్తాడో నాకు చెప్పడం లేదు.

నీ ప్రశ్నలకు జవాబు. తలకాయ రంగు పైనుంచి చూస్తే చీకటిగా ఉంటుంది. కప్పు గురించి మాత్రం ఎన్నయినా అడుగు. కప్పు పొడవు, వెడల్పు, వంపు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మామ బాలరాజు

తా.క.: మీ అత్త నీకు నిమ్మకాయలు పంపుతోంది. ఏం చేయాలో పర్వతాలు చెబుతాడట. చెప్పినట్టు చేయి, లేకపోతే మళ్ళీ పంపుతుంది.


కొంపల్లి,
జూన్ 22

మామకు నయన నమస్కారాలు, మా అపార్ట్‌మెంట్ కమిటీ తరఫున కూడా.

ఆదివారం పొద్దున పర్వతాలు ట్రాలీ ఆటోలో బర్రెను తీసుకుని మా గేటు ముందు దిగాడు. ఎవరింటికి అని సెక్యూరిటీ అడిగితే "నయన మేడం చూస్తరు" అన్నాడట. గేటు దగ్గరి నుంచి నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: మీ కోసం విజిటర్ వచ్చారు, అనుమతించాలా? దాని కింద బర్రె ఫొటో. నేను పొరపాటున సరే నొక్కాను.

బర్రె పిల్లల పార్కులోకి వెళ్ళి జారుడుబండ నీడలో కూర్చుంది. కమిటీ ప్రెసిడెంట్ వచ్చి లేపబోతే అతని లుంగీ వాసన చూసింది. పర్వతాలు నా దగ్గరికి వచ్చి, చాలా మెల్లగా, పిచ్చివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "దీనికి కండ్లు రెండే ఉన్నయమ్మా. పద్దెనిమిది కావాల్నంటే తొమ్మిది బర్రెలు తేవాలె. ఇంట్ల జాగ ఉన్నదా?"

మామా, ఇక బర్రె భాష చాలు. విమానాన్ని విమానమే అంటాను.

ఒక సంతోషవార్త. పోటీ వచ్చే ఆదివారం, కొంపల్లి మాల్‌లో. ఈసారి జడ్జి సుధీర్ గారని రిటైరైన పైలట్. ఈ విమానాన్నే ఇరవై ఏళ్ళు నడిపారట. నా విమానం ముందు పెట్టే కార్డు మీద "సలహా: శ్రీ బాలరాజు, కాక్‌పిట్ నిపుణులు" అని అచ్చు వేయించాను. నీ గురించి చెబితే ఆయన ఎంతో సంబరపడ్డారు. నీతో కూర్చుని కాక్‌పిట్‌లో ఒక్కొక్క స్విచ్ గురించీ మాట్లాడుకోవాలట.

నయన

తా.క.: బర్రె పోయే ముందు రెండు లీటర్ల పాలిచ్చింది. ప్రెసిడెంట్ గారు మళ్ళీ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు.


షామీర్‌పేట,
జూన్ 23

చిరంజీవి నయనకు మామ దీవెనలు.

కార్డు మీద నా పేరు కొట్టేయి. దేశం కోసం అడుగుతున్నాను.

వచ్చే ఆదివారం నాకు మోకాలు నొప్పి.

మామ

తా.క.: కుడి మోకాలు.


కొంపల్లి,
జూన్ 24

మామకు నయన నమస్కారాలు.

మోకాలి సంగతి అత్తను అడిగాను. నువ్వు పొద్దున చెరువు కట్ట మీద రెండు రౌండ్లు నడిచి వచ్చావని చెప్పింది. ఆదివారం పదింటికి వెంకటసాయి కారు తెస్తాడు. అమ్మ, చిన్నమ్మ, పిల్లలు అందరూ నిన్ను చూడటానికే వస్తున్నారు. పెళ్ళిళ్ళలో చెప్పిన కథలు అసలు పైలట్ ముందు చెబుతుంటే వినాలట.

నయన

తా.క.: సుధీర్ గారు నీకోసం ప్రశ్నలు రాసి పెట్టుకున్నారు. నాలుగు పేజీలు.


షామీర్‌పేట,
జూన్ 26

నా బిడ్డ నయనకు,

ఈ ఉత్తరం చింపొద్దు. నేను రెండుసార్లు చింపి మూడోసారి రాస్తున్నాను.

నేను దాచింది దేశ రహస్యం కాదు, నా రహస్యం. ముప్పై ఏళ్ళు విమానాల దగ్గర పనిచేసింది నిజమే. నేను అక్కడ టైలర్‌ను. నిలిపి ఉంచిన విమానాల కాక్‌పిట్‌లకు ఎండా వానా తగలకుండా మందపు గుడ్డతో కవర్లు కుట్టి కప్పడం నా పని. పైలట్ దిగిపోయాక, మెకానిక్ అద్దం మూసి తాళం వేశాక, నేను నిచ్చెన ఎక్కేవాణ్ణి. లోపలికి చూసే అవసరం ఎవరూ నాకు కల్పించలేదు. అడగడానికి నాకు మొహమాటం.

మీ అమ్మ పెళ్ళిలో ఎవరో నన్ను ఏం పని చేస్తావని అడిగారు. "కాక్‌పిట్ మీద పని" అన్నాను. అందులో అబద్ధం లేదు. వాళ్ళు నన్ను పెద్దవాళ్ళ వరుసలో కూర్చోబెట్టారు. తర్వాతి పెళ్ళికి "మీద" అనే మాట జారిపోయింది. ఆ తర్వాత నువ్వు చిన్నపిల్లవు, నోరు తెరుచుకుని వినేదానివి. నీ ముందు టైలర్‌నని చెప్పుకోవడానికి నోరు రాలేదు.

మీ అత్తకు నిన్న రాత్రి చెప్పాను. బర్రె సంగతి కూడా చెప్పాను. చాలాసేపు నవ్వి, "కుట్టుడు గూడ పనే గదా, దీనికింత దాచుడేంది" అంది.

నువ్వు మొదటి ఉత్తరంలో రాసిన నలభై ఎనిమిదో వంతు కొలతతో కవర్ కుట్టి పంపుతున్నాను. పాత గొడుగు గుడ్డ. దారం పోగులు విడదీసి ఒక్కొక్క పోగుతో కుట్టాను. సూదిలో దారం మీ అత్త ఎక్కించింది. కట్టాల్సిన ముడి ఎట్లా వేయాలో వెనక బొమ్మ గీశాను. గాలివానకు కూడా ఊడదు. నచ్చకపోతే పక్కన పెట్టేయి.

ఆదివారం నేను రాను.

మామ బాలరాజు

తా.క.: మోకాలు బాగానే ఉంది. రెండూ.


కొంపల్లి,
జూన్ 29

కాక్‌పిట్‌లను ముప్పై ఏళ్ళు కాపాడిన మామకు నయన నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నీ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. తీరిక దొరకలేదు. పోటీకి ముందు రోజు కాక్‌పిట్ అద్దం అతికిస్తూ, తొందరలో మామూలు జిగురు బదులు చిటికెలో అంటుకునే జిగురు వేశాను. దాని ఆవిరికి అద్దం లోపలివైపు పాలు పోసినట్టు తెల్లగా మారిపోయింది. పద్దెనిమిది గడియారాలు, వాటి ముళ్ళు, సీటు పట్టీలు, మూడు వారాల పని, అంతా ఆ తెలుపు వెనక ఉండిపోయింది. పీకితే విరుగుతుంది. అన్వేష్ టీ పెట్టిచ్చాడు. అప్పుడు నీ కవర్ తీసి చూశాను.

చిన్న పట్టకారుతో రెండు గంటలు కష్టపడి నువ్వు గీసినట్టే కట్టాను. అచ్చు వేసిన కార్డు తీసేసి చేత్తో కొత్తది రాశాను: "కవర్: శ్రీ బాలరాజు, టైలర్."

సుధీర్ గారు టార్చ్ పట్టుకుని వచ్చారు. ఆయన కవర్ విప్పుదామని వంగారు. ముడి రాలేదు. కళ్ళజోడు మార్చుకున్నారు. రాలేదు. గోటితో, పిన్నుతో ప్రయత్నించారు. వెనక వరుస పెరిగింది. పది నిమిషాలయ్యాక టార్చ్ ఆర్పి, నెమ్మదిగా లేచి నిలబడి, అందరికీ వినిపించేట్టు అడిగారు.

"ఈ ముడి వేసే మనిషి ఎక్కడున్నాడు? ఇరవై ఏళ్ళు ప్రతి పొద్దునా శత్రువు కంటే ముందు దీనితో యుద్ధం చేశాను."

ఇంత నిజంలా ఉన్న బొమ్మను తాను ఎక్కడా చూడలేదని నాకు మొదటి బహుమతి ఇచ్చారు. కాక్‌పిట్ ఎవరూ చూడలేదు మామా. అమ్మ, చిన్నమ్మ నీ పేరు చదివి కార్డుతో ఫొటోలు దిగారు. బహుమతిగా ఇచ్చిన కప్పు మీద టైలర్ అన్న మాట కూడా రాయించుకొచ్చాను.

నీ మేనకోడలు,
నయన

తా.క.: సుధీర్ గారు నీ అడ్రస్ తీసుకున్నారు. ఆదివారం మీ ఇంటికొస్తారు. దాచుకున్న తిట్లన్నీ వరుసగా తిట్టడానికి పొద్దున పది నుంచి సాయంత్రం దాకా పడుతుందట, మధ్యాహ్నం భోజనానికి అక్కడే ఉంటానన్నారు. అత్తకు చెప్పు.