స్థలంతాతకు పెట్టిన ఎర్రదీపం

అమ్మమ్మా,

ఈ ఉత్తరం బౌద్ధగుడిలో భిక్షువుగారి చేత చదివించుకో. స్వామీ, దయచేసి నవ్వకుండా చదవండి.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు నువ్వు వచ్చి, మందుల కోసం అనుమతితో గంజాయి పెంచే మా కంపెనీ గదిలో ఓ మూలన, ఆ చోటును కాచే దేవుడు స్థలంతాతకు చిన్న గుడి పెట్టి, దానిలోని ఎర్ర కరెంటు దీపం ఎప్పుడూ ఆరకూడదన్నావు కదా. ఆర్పలేదు. ఇప్పుడు ఆ మూలనున్న మొక్కలు నా భుజందాకా పెరిగాయి, పూత మాత్రం లేదు. మిగతావి నడుమెత్తులోనే ఆగి, గదంతా ఘాటెక్కేలా పూశాయి. మట్టి లేకుండా నీళ్లలో పెంచేవి కనుక తప్పు నీళ్లలోనే ఉందనుకుని అన్నీ మార్చి చూశాను. నాతో పనిచేసే బుప్ఫా అక్కయితే, "తాత దగ్గరున్నవి ఎంత ఏపుగా ఉన్నాయో చూడవే!" అని రోజూ దండం పెడుతోంది. కానీ మందుల తయారీకి కావలసింది పూతే. మా పైఅధికారి కంపోల్ అన్న, "వచ్చే పంటలో కూడా ఇలాగే ఉంటే నిన్ను ప్యాకింగుకి పంపేస్తానమ్మా, చదువులతల్లీ" అన్నాడు.

కారణం దీపమే అమ్మమ్మా. ఈ మొక్క పూయాలంటే రాత్రి పూర్తిగా చీకటి ఉండాలి. తాతను బయట వరండాలోకి మార్చనా? అక్కడ గాలి కూడా బాగుంటుంది. నేనడిగితే, "చదువుకున్నది నాకు చీకటి పెట్టడానికా?" అంటాడేమో, అచ్చం నీలాగే. నువ్వే వచ్చి అడుగు. వచ్చేటప్పుడు వెదురుబొంగులో కాల్చిన జిగురన్నం తీసుకురా, తాతకి సగం, నాకు సగం.

నేను దీపం పెట్టుకుని చదువుకుంటుంటే, నువ్వు కళ్ల మీద తువ్వాలు కప్పుకుని పడుకునేదానివి. ఈ మొక్కలకి తువ్వాలు లేదు.

నీ మనవరాలు