సజ్జ మీది గజ్జెలు

మంగళవారం, రాత్రి

వారం నుంచి సామాన్లు పెట్టే సజ్జ మీద గజ్జెల చప్పుడు. నన్ను సాధిస్తున్నందుకు కోపంతో చనిపోయిన తన అత్తే తిరుగుతోందని మా అత్తమ్మ నమ్మకం. అప్పటినుంచి నన్ను ఒక్క మాటా అనడం లేదు. పొద్దున సజ్జకు దండం కూడా పెట్టింది: "కోడల్ని మంచిగనే సూసుకుంటున్న అత్తమ్మా, జర నన్ను ఇడిసిపెట్టు!"

మధ్యాహ్నం సజ్జ మీది బెల్లం డబ్బా కోసం స్టూలెక్కాను. విత్తనానికని నేనే కట్టి మరిచిపోయిన ఎండు సొరకాయ కిటికీ గాలికి ఊగుతోంది. లోపల గింజలు గలగలమంటున్నాయి.

చెప్పేద్దామని వంటింట్లోకి పరుగెత్తాను. అత్తమ్మ నా వంతు గిన్నెలు తోముతోంది.

"పైన ఏమన్న కనవడ్డదా బిడ్డా?"

బిడ్డా అంది! పెళ్లయిన నాలుగేళ్లలో మొదటిసారి.

"ఏం లేదత్తమ్మా" అన్నాను.

పాపమేమో... తొలకరికి ఆ గింజలు విత్తాలి కూడా. ఈ ఏడు దుకాణంలో కొంటాను.