భూమికా, ఇంగ్లీష్ పరీక్షకు నువ్వొక్కదానివే పో

భూమికా,

భీమ్‌గల్‌ల మా అమ్మ పసుపు కల్లంల జారి పడ్డదట, తుంటి ఇరిగిందంటున్నరు. తెల్లారంగనే ఫోన్ వచ్చింది. నేను ఫస్ట్ బస్సుకు పోతున్న. నువ్వు మంచిగ పండుకున్నవని లేపలేదు.

అన్నం, పప్పు వండి పెట్టిన, తిని పో. నీ హాల్ టికెట్ ఫ్రిజ్ మీద ఉన్నది. ప్యాసేజ్ ఇచ్చినప్పుడు ముందుగాల కింది ప్రశ్నలు చదువు, గప్పుడు ప్యాసేజ్ చదువు. తెల్వని మాట వస్తే ఆడనే ఆగకు, మొత్తం చదివితే జర అర్థమైతది. 'షి' వచ్చినకాడ 'గో' అని రాస్తవు నువ్వు. 'గోస్' అని రాయాలె, యాదుంచుకో.

పెండ్లికి ఆగిపోయిన నా డిగ్రీ ఈ ఒక్క పేపర్‌తోని అయిపోతుండె. నీతోని కూసొని చదివినంక, ఈసారి పాసైతనని నాకే నమ్మకం వచ్చింది. "పరీక్షదేముంది, మల్ల రాయొచ్చు తియ్" అన్నడు మీ అన్న. నిజమే, అమ్మను ఇడిసిపెట్టి నేనెట్ల రాస్త? కని ఆగేది నీ పరీక్ష అయితే గట్ల అంటుండెనా? "బాధయితుందా?" అని ఒక్క మాట అడిగితే సాలు, నవ్వుకుంట బస్సెక్కుదును.

నా గురించి ఫికర్ చెయ్యకు. నిమ్మలంగ రాయి.

మీ వదిన,
రజిత

క్వశ్చన్ పేపర్ పారెయ్యకు, ఇంటికి తీస్కరా. నేనొచ్చినంక వంటింట్ల కూసొని రాస్త. నువ్వే దిద్దాలె.