చిన్న జేబులో చీటీ

పాపా శిరీషా,

ఎట్లున్నావని అడగడానికి చేయి ఆడడం లేదు. నువ్వు పోయి మొన్న సోమవారానికి ఏడు నెలలు. నాలుగో తరగతి చదువుతో రాస్తున్నాను, తప్పులుంటే నవ్వుకో.

నువ్వు పనిచేసిన జీన్స్ షెడ్డులోనే ఇప్పుడు నేనూ చేస్తున్నాను. నీ మిషను మీద వేరే అమ్మాయి కూర్చుంటోంది. నాది దారాలు కత్తిరించే పని. రాయదుర్గంలో బస్సు దిగి ఆ సందులోకి తిరిగితే చాలు, నువ్వు నాకంటే నాలుగడుగులు ముందు నడుస్తున్నట్టే ఉంటుంది... నడుస్తున్నావా?

నీ లేబుళ్ల నోటుబుక్కు నా దగ్గరే ఉంది. ప్యాంట్ల లోపల కుట్టే లేబుళ్లలో పాడైనవి తెచ్చి అతికించుకునేదానివి. ఎట్లా ఉతకాలో ఒక్కో దేశం వాళ్లకు వాళ్ల అక్షరాల్లో రాసి ఉంటుందని నువ్వు చెప్తే గానీ నాకు తెలియదు. రష్యావి సగం ఇంగ్లీషు, సగం తిరగేసినట్టు. అరబ్బు దేశాలవి కుడి నుంచి పోతాయి, దర్గా గోడ మీద నేనూ చూశాను. కొరియావి పుల్లలు, సున్నాలు. జార్జియా అని ఒక దేశముందంట, దాని అక్షరాలు చెనక్కాయ తీగ పాకినట్టు మన వాటిలాగే గుండ్రం...

"కండ్లకు గుడ్డ కట్టి యాడన్నా ఇడిసిపెట్టు మా. గుడ్డ ఇప్పి ఒక్క అంగడి బోర్డు చూస్తే సాలు, ఏ దేశమో చెప్తా" అనేదానివి. బళ్లారి దాటి పోనిదానివి.

పోయిన వారం సూపర్‌వైజరు ఫోను పట్టుకుని అందరి దగ్గరికీ వచ్చాడు. మా షెడ్డులో కుట్టిన ప్యాంటు ఒకటి ఏదో దేశంలో అంగట్లో ఉంటే, దాని ముందు చిన్న జేబులో గుడ్డ చీటీ దొరికిందట. ఒక్క కుట్టు వేసి ఉందట. అవి ఏ దేశం అక్షరాలో తెలియక వాళ్లు ఫొటో తీసి బెంగళూరు కంపెనీని అడిగారట. ఎవరో పిల్ల ఎవరికో రాసిన ప్రేమ ముచ్చట అనుకుని ఆడవాళ్లంతా నవ్వుతూ ఫోను మీదికి వంగారు. నేనూ కూడబలుక్కుని చదివాను.

"ఇది చదివినోళ్లు మనోళ్లే. ఈడ ఇంగా వాన పడలేదు. మీ ఊర్లో పడిందా?"

నీ రాత పాపా. పేరు లేకపోతే నాకు తెలియదా... అయినా ఎవరిదో తెలియనట్టే పోయి దారాలు కత్తిరించుకున్నాను.

ఆ ఆర్డరులో మిగిలిన సరుకు గోదాములో ఉంది. ఇంకొక్క చీటీ దొరికితే ఆర్డరు పోతుందని, అందరి పనీ పోతుందని యజమాని భయం. జేబులన్నీ వెతికి చీటీలు విప్పే పని నాకిచ్చారు. నిదానంగా చూస్తానని.

రెండు రోజులు చూశాను. జేబులో వేలు పెడితే నువ్వు తగులుతావు. ఒకదాంట్లో కరెంటు లేక చెట్టు కింద కూర్చున్నామని. ఒకదాంట్లో మీ నాయన తెచ్చిన గొర్రెపిల్లకు ఒక చెవే తెలుపని. ఇవన్నీ ఎవరికి చెప్పుకున్నావు? ఇంట్లో చెప్తే నేను వినలేదా... కుట్టు కత్తిరించినప్పుడల్లా నిన్ను నేనే కొంచెం కొంచెం విప్పేస్తున్నట్టు ఉండింది.

చివరి కట్టలో ఇది దొరికింది.

"ఈ పొద్దు జరం. అయినా వచ్చినా. కొత్త దేశం లేబులు వచ్చిందంట, చూడాల."

జ్వరం వచ్చిన రెండో రోజు అది. ఆ పొద్దున పనికి పొమ్మన్నది నేనే కదా... ఒక్క పూట ఓర్చుకో అని. ఆ తర్వాత రెండు రోజులకే అంతా అయిపోయింది. ఏడు నెలలుగా ఆ మాటే నన్ను తింటోంది. ఇప్పుడు ఈ చీటీ. నేను పంపితే పోయావా, చూడాలని నువ్వే పోయావా? ఎవరినడగాలి పాపా?

ఆ ప్యాంటు లేబులు తిప్పి చూశాను. కొక్కేల్లా వంగిన అక్షరాలు. ఏ దేశమో నాకు తెలియలేదు.

మిగతా చీటీలన్నీ సూపర్‌వైజరుకు ఇచ్చేశాను. షెడ్డు వెనక కాల్చేశారు. ఒకటన్నా అడిగి తెచ్చుకుందామంటే, నీ రాతని తెలిసి చచ్చిపోయినదాన్ని నలుగురూ తిట్టుకుంటారని ఊరుకున్నాను.

జ్వరం చీటీ మాత్రం ఇవ్వలేదు. తెచ్చుకోనూ లేదు. జేబు లోపలి గుడ్డ మడతలోకి తోసి, చేత్తో సన్నగా కుట్టేశాను. ఆ ప్యాంటు చినిగేదాకా ఎవరికీ కనపడదు. ఎవరి పనీ పోదు... పోకూడదు. తప్పని తెలుసు.

ఈ పొద్దున ఆ సరుకుతో లారీ వెళ్లిపోయింది. మట్టి లేచి రోడ్డు కనపడలేదు, అయినా అట్లే నిలబడ్డాను.

అప్పుడు ఒళ్లు కాలుతుంటే పంపాను తల్లీ. ఇప్పుడు నీకు జ్వరం లేదు. తొందరా లేదు. ఆ దేశమేదో, ఒక్కో అంగడి ముందూ నిలబడి చూడు.

నేను ఎవరికీ చెప్పను. మీ నాయనకు కూడా.

అమ్మ